అడుగు పొర

పాఠ పరిచయం

పాత వస్తువును బాగుచేసుకుని మళ్ళీ వాడుకోవడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. ఒక పాత కారుకు ఇంటి దగ్గరే రంగు వేసి, దాన్ని అద్దంలా మెరిపించిన కథ ఈ పాఠం. ఆ మెరుపు వెనుక ఎంత పని ఉందో, ఆ పని వెనుక ఏ శాస్త్రం ఉందో ఎనిమిదో తరగతి చదివే ఒక మనవడు చెబుతున్నాడు. చదవండి.

పాఠం

మాది యానాం. మా వీధి చివర నిలబడితే గౌతమీ గోదావరి కనిపిస్తుంది. సముద్రం కూడా దూరం కాదు. అందువల్ల మా ఊళ్ళో ఇనుప వస్తువు ఏదైనా త్వరగా తుప్పు పడుతుంది. గేటు గొళ్ళెం, సైకిలు చువ్వ, బావి గిలక - దేన్ని ముట్టుకున్నా చేతికి ఎర్రటి పొడి అంటుతుంది.

మా అమ్మమ్మగారి ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. ఆ పెరట్లో రేకుల షెడ్డు కింద ఒక పాత కారు ఉండేది. అది ప్రీమియర్ పద్మిని. బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో 1964లో ఫియట్ 1100 డిలైట్ అనే పేరుతో మొదలైన బండికే 1970లలో ఆ పేరు వచ్చింది. నలుపు, పసుపు రంగుల టాక్సీగా ఆ నగరంలో తరాల తరబడి తిరిగి, 2023 అక్టోబరులో టాక్సీ పనినుంచి సెలవు తీసుకుంది.

మా తాతయ్య ముప్పై ఏళ్ళు బొంబాయిలో ఒక షెడ్డులో కార్లకు రంగులు వేసే పని చేశారు. చెయ్యి తిరిగిన పనివాడని ఆయనకు పేరు. పని మానేసి ఊరికి వచ్చేటప్పుడు దాచుకున్న డబ్బుతో ఆ బండి కొని తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. నీటికాసుల జబ్బువల్ల చూపు బాగా తగ్గింది. వెలుగూ నీడా తెలుస్తాయి. ముఖాలు మాత్రం తెలియవు.

మాఘమాసంలో మా పిన్ని పెళ్ళి నిశ్చయమైంది. "అమ్మాయి మన బండిలోనే అత్తవారింటికి వెళ్ళాలి" అన్నారు తాతయ్య. మామయ్య ఇంజను బాగుచేయించాడు. టైర్లు మార్పించాడు. ఇక మిగిలింది రంగు.

"రంగుదేముంది నాన్నగారూ! కంప్రెసరు అద్దెకు తెచ్చి రెండు కోటింగులు కొడితే సరి" అన్నాడు మామయ్య.

"వానలు పోనీరా. తొందరెందుకు?" అన్నారు తాతయ్య.

వినాయక చవితికి కొత్త రంగుతో బండి వీధిలోకి తీయాలని మామయ్యకు ఉబలాటం. శ్రావణంలోనే పని మొదలుపెట్టాడు. పైకి కనిపించే తుప్పు గీకి, గుంటల్లో లప్పం పెట్టి, నీళ్ళు పోస్తూ రుద్దాడు. ఆ మధ్యాహ్నం జల్లు పడింది. జల్లు ఆగగానే ముదురు నీలం రంగు కొట్టాడు. తడిగా ఉన్నంతసేపూ కారు తళతళలాడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. పావుగంట గడిచేసరికి నీలం మీద పాలు చల్లినట్టు తెల్లటి మసక కమ్మింది. పది రోజులకు తలుపుల కింది భాగంలో చిన్న చిన్న బొబ్బలు లేచాయి.

తాతయ్య కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా తలుపు దాకా జరిపారు. బొబ్బల దగ్గర చెయ్యి ఆగింది.

"ఒరేయ్, లప్పంలో నీళ్ళున్నాయి. దాని కింద తుప్పుంది. పైన పటారం, లోన లొటారం. అంతా తీసెయ్యాలి. ఏమంటావు?"

మామయ్య ముఖం చిన్నబోయింది. ఏమీ అనలేదు.

ఎందుకలా జరిగింది?

ఆ రాత్రి నేను తాతయ్యను అడిగాను. ఆయన మంచినీళ్ళ కుండను చూపించి, "ఇందులో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి?" అన్నారు.

"కుండ పైకి ఊరిన నీరు ఆవిరై పోతూ వేడిని తీసుకుపోతుందండీ. మా మాస్టారు చెప్పారు."

"రంగులో కలిపే థిన్నరు కూడా అంతే. అది ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడుతుంది. మరి ఐసునీళ్ళు పోసిన గ్లాసుకు బయట చెమట ఎందుకు పడుతుంది?"

నాకు అర్థమైంది. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. రంగు చల్లబడగానే ఆ తేమ దాని మీద సన్నని నీటి బిందువులుగా చేరింది. ఆ బిందువులు ఆరుతున్న రంగులో చిక్కుకుని తెల్లటి మసకగా మారాయి. బొబ్బల సంగతి వేరు. లప్పం స్పంజిలా నీరు పీలుస్తుంది. అందుకే దాన్ని పొడిగానే రుద్దాలి. పీల్చిన నీరు కిందనున్న ఇనుమును చేరితే తుప్పు పెరుగుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పైన ఉన్న రంగును పైకి లేపుతుంది.

"మెరుపు రంగులో లేదురా. రంగు కింద ఉంది" అన్నారు తాతయ్య.

ఆ మాట అర్థం కావాలంటే మెరుపంటే ఏమిటో తెలియాలి. గాలి లేని వేళ గోదావరిలో ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. గాలి వీచి అలలు లేస్తే అదే చెట్టు ముక్కలై చెదిరిపోతుంది. నీరు మారలేదు. దాని పైతలం మారింది. నునుపైన తలం మీద పడిన వెలుగు ఒకే క్రమంలో తిరిగి వస్తుంది. అప్పుడు ప్రతిబింబం ఏర్పడుతుంది. గరుకు తలం వెలుగును చెల్లాచెదురు చేస్తుంది. కారుమీద రంగుపొరలన్నీ కలిపినా మందం చాలా తక్కువ. కర్మాగారంలో వేసే రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే సుమారు రెండు తలవెంట్రుకల మందం. అంత పలచటి పొర అడుగున ఉన్న గీతను, గుంటను దాచలేదు. మెరుపు పెరిగినకొద్దీ వాటిని ఇంకా బయటపెడుతుంది.

మళ్ళీ మొదటినుంచి

కార్తీకం దాటింది. తుఫాను భయం తగ్గింది. పని మళ్ళీ మొదలైంది. ఈసారి తాతయ్య షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. 

మొదట పాత రంగంతా తీసేశారు. సొట్టలను టింకరింగ్ చేసే ఆయన లోపలినుంచి తట్టి సరిచేశాడు. బాగా తినేసిన చోట రేకు కోసి కొత్త రేకు అతికాడు. తుప్పును 80 నంబరు కాగితంతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దారు. మా ఊరి ఉప్పుగాలికి ఒట్టి ఇనుము ఒక్క రాత్రిలో మళ్ళీ ఎర్రబడుతుంది. అందుకని ఏ రోజు శుభ్రం చేసిన రేకుకు ఆ రోజే సూర్యాస్తమయం లోపల ప్రైమరు కొట్టారు.

తరువాత లప్పం. "లప్పం సొట్టను పూడ్చడానికి కాదు, సొట్ట తీశాక మిగిలిన వెంట్రుకవాసి తేడాను పూడ్చడానికి" అన్నారు తాతయ్య. దాన్ని చెక్కదిమ్మకు చుట్టిన కాగితంతో పొడిగా రుద్దాం. ఒట్టి వేళ్ళతో రుద్దితే వేళ్ళ ఒత్తిడికి గాళ్ళు పడతాయి. దిమ్మ అయితే ఎత్తును కొడుతుంది, పల్లాన్ని వదిలేస్తుంది.

దానిమీద బూడిదరంగు సర్ఫేసరు. అది ఆరాక మామయ్య దాని మీద నల్లరంగును మంచు పడినట్టు పలచగా చిమ్మాడు. బాగున్న దాన్ని ఎందుకు పాడుచేస్తున్నాడా అనుకున్నాను. నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దడం మొదలుపెట్టాక రహస్యం తెలిసింది. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయింది. పల్లంగా ఉన్నచోట నల్లమచ్చ మిగిలింది. కంటికి కనబడని పల్లాన్ని ఆ నలుపు పట్టి ఇచ్చింది. మచ్చ మిగిలినచోట మళ్ళీ సర్ఫేసరు, మళ్ళీ నలుపు, మళ్ళీ రుద్దడం. ఇలా మూడుసార్లు జరిగింది.

వాటర్ పేపరుకు నంబరు పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. మేము వాడిన వరస ఇది:

తుప్పు తీయడానికి - 80
లప్పం పొడిగా రుద్దడానికి - 80, 180
సర్ఫేసరు తడిగా రుద్దడానికి - 320, 400, 600
రంగు పొరల మధ్య - 800
చివరి నునుపుకు - 1200, 1500, 2000

వరసలో ఒక నంబరు దాటవేస్తే ముందు కాగితం చేసిన గీతలు మిగిలిపోతాయి. రంగు ఆరి కుదించుకున్నాక అవి పైకి తేలతాయి.

రంగు ఎంపిక

గట్టిపరిచే ద్రవం కలిపి వేసే రంగులు ఇప్పుడు చాలా షెడ్డుల్లో ఉన్నాయి. అవి గట్టివి, మెరుపు కూడా బాగా వస్తుంది. అయితే వాటిలో చాలావాటి ద్రవంలో ఐసోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ప్రత్యేకమైన గది, బయటి గాలిని అందించే మాస్కు లేకుండా వాటిని కొట్టకూడదు. కనుక తాతయ్య తనకు తెలిసిన పాత రంగునే ఎంచుకున్నారు. అది నైట్రోసెల్యులోజ్ లాకరు. దాని మూలపదార్థాన్ని పత్తిపీచు నుంచి తయారుచేస్తారు.

పూర్వం కార్లకు కుంచెతో వార్నిషు పూసేవారు. అది ఆరడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో అనే లాకరును తెచ్చాయి. 1924 నమూనా ఓక్లాండ్ కార్లకు దాన్ని వాడారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన దేశంలో ఇప్పటికీ కారు రంగును 'డ్యూకో' అనేవాళ్ళున్నారు.

లాకరులో కూడా ప్రమాదం ఉంది. అది ఇట్టే అంటుకుంటుంది. దాని ఆవిరి ఊపిరికి మంచిది కాదు. అందుకని రంగు కొట్టేటప్పుడు అమ్మమ్మ పొయ్యి వెలిగించేది కాదు. షెడ్డు రెండువైపులా తెరిచి ఉంచేవారు. మామయ్య ఆవిరిని ఆపే మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. నాకు లోపలికి ప్రవేశం లేదు.

చేపకళ్ళు

ఒక ఆదివారం బండి రంగుకు సిద్ధమైంది. "తుడిచాక ఎవరూ ఒట్టిచేత్తో ముట్టుకోవద్దు" అని తాతయ్య గట్టిగా చెప్పారు. ఆ ఉదయం అమ్మ నాకు తలంటడానికి నూనె రాసింది. మామయ్య కాఫీకి వెళ్ళినప్పుడు నేను షెడ్డులోకి దూరాను. వెనుక తలుపు పట్టులా కనిపించింది. నాలుగు వేళ్ళతో ఒకసారి నిమిరి బయటికి వచ్చేశాను.

సాయంత్రం ఆ తలుపుమీద రంగు నిలవలేదు. చేపకళ్ళలాంటి గుండ్రటి గుంటలు పడ్డాయి. నూనె ఉన్నచోట రంగు అంటదు, పక్కకు తొలగిపోతుంది.

"థిన్నరు కల్తీది. రేపు ఆ దుకాణం వాడి సంగతి తేలుస్తాను" అన్నాడు మామయ్య.

నేను గుటకలు మింగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే తాతయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన అప్పటికే షెడ్డులో, ఆ తలుపు ముందు ఉన్నారు.

"తాతయ్యా, థిన్నరు మంచిదేనండీ. నేనే ముట్టుకున్నాను. నూనెచెయ్యి."

"ఎన్ని వేళ్ళు?"

"నాలుగు."

"గుంటలు నాలుగు వరసల్లో ఉన్నాయి. వరసకూ వరసకూ మధ్య దూరం పెద్దవాళ్ళ చేతిది కాదు" అన్నారు ఆయన.

"తెలిసీ మామయ్యకు ఎందుకు చెప్పలేదండీ?"

"నీ తప్పు నేను చెబితే అది పైపూత. నువ్వు చెబితే అడుగు పొర. పద, దుకాణానికి బయలుదేరకముందే వాడితో చెప్పు."

చెప్పాను. మామయ్య నన్ను కొట్టలేదు. ఒక బకెట్టు నీళ్ళు, రెండు కాగితాలు, దిమ్మ చేతికిచ్చాడు. ఆ తలుపును రెండు రోజులు నేనే రుద్దాను. వేళ్ళ చివరలు తెల్లగా నానిపోయాయి. తరువాత దాన్ని థిన్నరుతో తడిపిన బట్టతో ఒకసారి, పొడిబట్టతో మరొకసారి మామయ్య తుడిచాడు.

పొరమీద పొర

రంగు కొట్టేటప్పుడు గన్ను రేకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరైతే రంగు కారుతుంది. దూరమైతే తుంపర దారిలోనే ఆరి, తలం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది. చెయ్యి రేకుకు సమాంతరంగా కదలాలి. ఒక పట్టీలో సగం మీదుగా తరువాతి పట్టీ రావాలి. తాతయ్య బయట కూర్చుని గన్ను చప్పుడు వినేవారు. "చివర చెయ్యి అర్ధచంద్రంలా తిప్పుతున్నావు. తిన్నగా పోనీ" అని కేకవేసేవారు. మామయ్య సరిచేసుకునేవాడు. ఎదురు చెప్పలేదు.

ఒక మందపు పొర కంటే ఎన్నో పలచటి పొరలు మేలు. పొరకూ పొరకూ మధ్య కాసేపు ఆగాలి. లాకరులో ఒక గుణం ఉంది. కొత్త పొరలోని థిన్నరు కింది పొరను కొంచెం కరిగించి తనలో కలుపుకుంటుంది. అందుకే ఎనిమిది పొరలు వేసినా చివరికి ఒకటే పొర అవుతుంది. నాలుగు పొరలయ్యాక 800 నంబరుతో ఒకసారి రుద్ది, మరో నాలుగు వేశారు.

ఆ తరువాత నాలుగు వారాలు బండిని ఎవరూ ముట్టుకోలేదు. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి థిన్నరు నెమ్మదిగా పోతూ రంగు కుదించుకుంటుంది. సంక్రాంతి వచ్చి వెళ్ళింది. అప్పుడు చివరి పని. 1200, 1500, 2000 నంబరు కాగితాలు నానబెట్టి వరసగా రుద్దాం. నీలం అంతా బూడిద రాసినట్టు మసకబారింది. నాకు ఏడుపొచ్చింది. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ టేపు అంటించి, రుద్దకుండా కాపాడాం. తరువాత మామయ్య రబ్బింగ్ కాంపౌండు పెట్టి గుడ్డతో రుద్దాడు. మసక కిందనుంచి నీలం మెల్లగా పైకి వచ్చింది. సన్నని పాలిషుతో మరోసారి రుద్దేసరికి ఆ నీలానికి లోతు వచ్చింది. బావిలోకి చూసినట్టుంది. మైనం మాత్రం పెట్టనివ్వలేదు తాతయ్య. "రంగు ఇంకా ఊపిరి తీసుకుంటోంది. రెండు నెలలు ఆగండి" అన్నారు.

పెళ్ళినాటి ఉదయం పిన్ని బానెట్‌లో చూసుకుని బొట్టు సరిదిద్దుకుంది. అందరూ నవ్వారు. తాతయ్య నన్ను పిలిచి బానెట్ మీద అరచెయ్యి ఆనించారు.

"ఏమేం కనిపిస్తున్నాయిరా ఇందులో?"

"కొబ్బరిచెట్టు, ఆకాశం, మీరు, నేను."

"చెట్టు అంచులు తిన్నగా ఉన్నాయా, వంకరగా ఉన్నాయా?"

నేను వంగి, కళ్ళు చిట్లించి చూశాను.

"తిన్నగా ఉన్నాయండీ."

"వెనుక తలుపులో?"

అది నేను రుద్దిన తలుపు. వెళ్ళి చూశాను. "అక్కడ కూడా తిన్నగానే ఉన్నాయి."

ఆయన తల ఊపారు. చెయ్యి తీసి, ఆనవాలు మిగలకుండా కండువా కొసతో ఆ చోటు తుడిచారు.

పదాలు - అర్థాలు

లప్పం : గుంటలు పూడ్చే ముద్ద, పుట్టీ
థిన్నరు : రంగును పలచబరిచే ద్రావకం
మైక్రాను : మిల్లీమీటరులో వెయ్యోవంతు
నీటికాసులు : క్రమంగా చూపును తగ్గించే కంటిజబ్బు
ఉబ్బసం : ఊపిరి ఆడని జబ్బు
వెంట్రుకవాసి : చాలా కొద్ది
ఉబలాటం : ఆరాటం, తహతహ

అభ్యాసం

అ. ఒకటి రెండు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. యానాంలో ఇనుప వస్తువులు త్వరగా తుప్పు పట్టడానికి కారణమేమిటి?
2. లప్పాన్ని పొడిగానే ఎందుకు రుద్దాలి?
3. సర్ఫేసరు మీద నల్లరంగు ఎందుకు చిమ్మారు?
4. రంగు కొట్టేటప్పుడు ఆ ఇంట్లో తీసుకున్న జాగ్రత్తలేవి?

ఆ. పది వాక్యాల్లో జవాబులు రాయండి.
1. మొదటిసారి వేసిన రంగు ఎందుకు పాడైందో శాస్త్రీయ కారణాలతో వివరించండి.
2. "నువ్వు చెబితే అడుగు పొర" అనే మాటలో తాతయ్య ఉద్దేశమేమిటి? మీ అనుభవంతో పోల్చి రాయండి.

ఇ. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?
1. "వానలు పోనీరా. తొందరెందుకు?"
2. "థిన్నరు మంచిదేనండీ."

ఈ. కింది జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి.
చెయ్యి తిరిగిన, ముఖం చిన్నబోవడం, గుటకలు మింగడం

ఉ. విడదీసి సంధి పేరు రాయండి.
ఉదా: ఏమంటావు = ఏమి + అంటావు (ఇత్వ సంధి)
1. నాలుగిళ్ళు 2. ఏదైనా 3. సూర్యాస్తమయం 4. మరొకసారి

ఊ. చేసి చూడండి.
ఒక స్టీలు పళ్ళెంలో, ఒక రంగు తలుపులో, ఒక సున్నపు గోడలో మీ ప్రతిబింబం ఎలా కనిపిస్తుందో గమనించండి. తేడాలకు కారణాలు రాయండి. మీ ఊళ్ళో కారుకో, తలుపుకో, పడవకో రంగు వేసేవారిని కలిసి, రంగు వేయడానికి ముందు వారు చేసే పనులను వరసగా అడిగి రాసుకోండి. వారు ఆ పనులకు వాడే తెలుగు మాటలను, మీ ప్రాంతపు ఇతర భాషల మాటలను పక్కపక్కన పట్టికగా రాయండి.